పాతబండి - క్రొత్త యింజిను

గృహస్థులకు కలుగు సందేహములలో కొన్ని పైకి చిన్నవిగ కన్పట్టి, విచారింపబోయినకొలది పెద్దవగుచుండును. ఆవు ఒట్టిపోయినప్పుడు అమ్ముటయా, ఉంచుటయా? ఇంటిదూలము పుచ్చినప్పుడు దూలము మార్చుటయా, ఇల్లే విప్పుటయా? ఇవి మన పెద్దలెఱిగిన సందేహములు. ఈ కాలపు సంసారులకు అట్టిదే మఱియొకటి వచ్చినది. ముప్పది నలువది యేండ్లు ఇంటిల్లిపాదిని మోసిన కారుయొక్క ఇంజిను అరిగిపోయినప్పుడు దానికి ఏ ఇంజిను పెట్టవలెను? ఈ ప్రశ్న మెకానిక్కుషెడ్డులో తేలవలసినదే కాని సాహిత్యపత్రికలో దీనికి చోటెక్కడిదని కొందఱు నవ్వవచ్చును. నవ్వుదురు గాక! ధనము, ప్రాణము, పరువు, చట్టము అను నాలుగును ఒక్కచోట ముడిపడిన ప్రశ్న ఏదైనను గృహస్థధర్మమునకు చెందినదే యని మా తలంపు.

మా కారు 1987లో మా తండ్రిగారు కొన్న అంబాసిడరు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారుయొక్క మూడవ తరగతి నమూనానుబట్టి, కలకత్తా దగ్గఱ ఉత్తరపాడాలో హిందూస్థాన్ మోటార్సువారు 1950ల చివరినుండి ఈ జాతి బండ్లను చేయుచు వచ్చి, 2014 మే మాసమున నిలిపివేసిరి. తయారీ నిలిచినను బండ్లు నిలువలేదు. మాది పెట్రోలు ఇంజిను: నాలుగు సిలిండరులు, 1489 ఘన సెంటీమీటరులు. ఒక్కొక్క సిలిండరు వ్యాసము 73 మిల్లీమీటరులు; అందు పిస్టను నడచుదూరము 89 మిల్లీమీటరులు. పరుగునకు పేరుపడినది కాదు గాని, ఓర్పునకు పేరుపడినది.

ఇట్టి బండిని ఇంకను ఏల ఉంచుకొన్నారని అడుగువారు కలరు. మా తల్లిగారికి 84 సంవత్సరములు, మోకాళ్ల నొప్పులు. క్రొత్తకార్లలో కొన్ని నేలబారున ఉండుటచే ఆమె కూర్చుండలేరు, కూర్చున్నచో లేవలేరు. అంబాసిడరు తలుపు వెడల్పు, సీటు ఎత్తు ఆమెకు సరిపోయినవి. నెలకు రెండు మూడుమార్లు ఆమెను ఏలూరినుండి విజయవాడకు వైద్యునికడకు కొనిపోవుట, మనుమలను బడికి దింపుట, ఊరినుండి బియ్యపుబస్తాలు తెచ్చుట - ఇదియే దాని కొలువు. నెలకు 400 కిలోమీటరులు దాటదు. ఈ లెక్క చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

గడచిన వేసవిలో బండి వెనుకనుండి నీలిపొగ వచ్చుట ఆరంభించెను. ఆయిలు వారమువారము తగ్గుచుండెను. ద్వారకాతిరుమల కొండ యెక్కునప్పుడు రెండవగేరులో గూడ ఆయాసపడెను. అంతట సలహాలు వచ్చి పడినవి. మన దేశమున జ్వరమునకు, వివాహసంబంధమునకు, మోటారుకారునకు సలహా చెప్పనివాడుండడు గదా! ఎదురింటివారు, "పాత ఇనుములకు అమ్మేయండి, ఇంకా ఎన్నాళ్లు మోస్తారు?" అనిరి. మా తమ్ముని కుమారుడు, "పెదనాన్నగారూ, డీసెలింజిను వేయించండి, సగం ఖర్చు మిగులుతుంది" అనెను. మిత్రులొకరు, అదే కర్మాగారమువారు 1990ల తొలినాళ్లనుండి కొన్ని అంబాసిడరులలో అమర్చిన 1817 ఘన సెంటీమీటరుల ఇసుజు ఇంజినును, దాని అయిదుగేర్ల పెట్టెతోకూడ వెదకి వేయింపుమనిరి. విజయవాడ ఆటోనగరులో ఒక దుకాణమువారు సరకులవ్యాను డీసెలింజినును చూపి, అన్నియు కలిపి 1,60,000 రూపాయలకు బిగించి యిత్తుమనిరి. వాడిన ఇంజినుల వ్యాపారి మఱియొకడు మా బండికి సరిపడు పెట్రోలింజినును గోనెసంచి మీదనే చూపి, "నిన్ననే దించామండీ, కొత్తదానిలా ఉంది" అనెను.

ఇన్ని మాటలును విని, మా కోడలు ఒకనాటిరాత్రి భోజనమువేళ ఇట్లనెను: "మావయ్యగారూ, అభిప్రాయాలు అయిదు విన్నాం. కొలత ఒక్కటీ వినలేదు." ఆమె పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పునది. కారు సంగతి ఆడువారికేమి తెలియునను మాట మా పెద్దల కాలమున వినబడెడిది. ఇప్పటికిని కొన్ని యిండ్లలో వినబడుచున్నది. మా యింట ఆ రాత్రి పదిమంది మగవారి సలహాలకు దొరకని దారి ఆ యొక్కమాటతో దొరకినది.

కొలత యనగా నేమి? మా ఊరి మేస్త్రి పాతవాడు. ముప్పదియేండ్లుగ ఈ జాతి బండ్లనే బాగుచేసినవాడు. అతడు నాలుగు ప్లగ్గులును విప్పి, ఒక్కొక్క రంధ్రమున కంప్రెషను గేజిని బిగించి, ఆక్సిలరేటరు అడుగంట నొక్కిపట్టి సెల్ఫు త్రిప్పెను. ఒకటవ, మూడవ, నాలుగవ సిలిండరులలో చదరపు అంగుళమునకు 120, 118, 115 పౌనుల ఒత్తిడి వచ్చెను. రెండవదానిలో 75 మాత్రమే. మా కోడలు కాగితముపై వ్రాసికొనెను. అప్పుడు మేస్త్రి రెండవ సిలిండరులో ఒక చెంచాడు ఆయిలు పోసి మరల త్రిప్పగా 105కు ఎక్కెను. దీని భావము తెలిసికొనుట కష్టము కాదు. పోసిన ఆయిలు పిస్టను రింగులకును సిలిండరు గోడకును నడుమ సందును పూడ్చును. వాల్వులవద్ద సందును పూడ్చజాలదు. ఆయిలు పోసిన వెంటనే ఒత్తిడి పెరిగినచో లోపము రింగులలోనో, గోడలోనో యున్నది. పెరుగకున్నచో వాల్వులను అనుమానింపవలెను. ఒక చెంచాడు ఆయిలుతో తెలియు సత్యమును తెలిసికొనక లక్షయు అఱువది వేలు వెచ్చింపబోవుట వివేకమా?

హెడ్డు విప్పి బోరును కొలిపించితిమి. 1999లో ఒకమారు బోరుచేయించి, అంగుళమును వేయి భాగములు చేసినచో అందు 20 భాగములంత పెద్దవైన పిస్టనులను మా తండ్రిగారు వేయించియుండిరి. ఇప్పుడు 40 భాగముల కొలత పిస్టనులకు బోరు చేయుటకు గోడలలో ఇంకను చోటున్నదని తేలెను. అది ఈ బ్లాకునకు బోరుమీద బోరుగ చేయదగిన కడపటి కొలత. తరువాత అరిగినచో స్లీవులు దింపవలసినదే. క్రాంకుషాఫ్టు గీతలు పడలేదు. సన్నగ గ్రైండింగు పట్టించి క్రొత్త బేరింగులు వేసిన చాలును. ఇవన్నియు కలిపి సుమారు 70,000 రూపాయలని మేస్త్రి కాగితముపై వ్రాసి యిచ్చెను.

ఇక మా తమ్ముని కుమారుని డీసెలుపక్షమును త్రోసిపుచ్చక, లెక్క వేసి చూచితిమి. మా బండి లీటరు పెట్రోలునకు 9 కిలోమీటరులు నడచును. నెలకు 400 కిలోమీటరులకు ఇంచుమించు 44 లీటరులు. మేము లెక్కించిననాడు మా ఊర లీటరు 110 రూపాయల ప్రాంతమున నుండెను గనుక నెలకు 4,900 రూపాయలు. డీసెలింజిను లీటరునకు 13 కిలోమీటరులు నడచుననియు, లీటరు 98 రూపాయలనియు అనుకొన్నచో నెలకు 3,000 రూపాయలు. మిగులు నెలకు 1,900. రెండు పనుల వెలలకును భేదము 90,000. ఆ భేదము తీరుటకే నాలుగు సంవత్సరములు పట్టును. నెలకు మూడువేల కిలోమీటరులు తిరుగు బాడుగకారు వానికి ఇదే లెక్క ఏడు నెలలలో తీరును. అతనికి లాభమైనది మాకును లాభమని యనుకొనుటయే లోకములోని పెద్ద పొరపాటు. ఇంజిను బండికే కాదు, ఆ బండి చేయు పనికిని తగియుండవలెను.

లెక్క యటుండనిండు; శరీరముయొక్క తాళిక మఱియొకటి. డీసెలింజినులో గాలిని పెట్రోలింజినుకంటె చాల హెచ్చుగ బిగించి అణచి, ఆ వేడిమితోనే నూనె మండింపబడును. ఆ ఒత్తిడికి తాళుటకై దాని ఇనుము మందముగ నుండును, బరువు హెచ్చు. అంబాసిడరు ముందుచక్రముల భారమును మోయునవి పొడవైన ఉక్కుకడ్డీలు. అవి మెలిదిరిగి బరువును ఆపును. వ్యాను ఇంజిను కూర్చుండబెట్టినచో ఆ కడ్డీలు క్రుంగును, స్టీరింగు బరువెక్కును, రేడియేటరు చాలదు, క్లచ్చి చాలదు. అన్నిటికంటె ముఖ్యమైనది బ్రేకు. మా బండికి నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులు. అవి 1489 ఘన సెంటీమీటరుల ఇంజిను ఇచ్చు పరుగునకు ఏర్పడినవి. గుఱ్ఱమును మార్చినవాడు కళ్లెమును మార్చకున్నచో స్వారి యెట్లు సాగును? పరుగెత్తించుటకు డబ్బిచ్చువారు పదిమంది యున్నను, ఆగుటకు డబ్బిచ్చువాడు ఒక్కడు నుండడు. ఆ బండిలో వెనుకసీటున కూర్చుండునది మా తల్లిగారు. ఆమె ప్రక్కన మా మనుమలు.

ఇసుజు ఇంజినునకు ఈ దోషములు అంతగా లేవు. అది ఆ శరీరముననే కర్మాగారమువారు బిగించినది, బలము హెచ్చు, అయిదవగేరుచేత రహదారిపై ఇంజిను తేలికగ నడచును. మా మనస్సు దానివైపు కొంత మొగ్గినమాట నిజమే. కాని ఇచ్చట చట్టము అడ్డుపడెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు మొదట నిర్ణయించిన వివరములకు రిజిస్ట్రేషను పత్రము భేదించునట్లు బండిని యజమాని మార్పరాదు. ఈ నియమమును గట్టిగ పాటింపవలెనని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అదే రకపు ఇంజినును మార్చదలచినను రిజిస్ట్రేషను అధికారి అనుమతి పొందవలెను, పత్రమున క్రొత్తనంబరు ఎక్కింపవలెను. మా పత్రములో 1489 అని యున్నది, పెట్రోలని యున్నది. 1817 గాని, డీసెలు గాని అందు ఇముడవు.

ఈ మాట చెప్పగా వ్యాను ఇంజిను దుకాణమువారు నవ్విరి. "నంబరు సంగతి మాకు వదిలేయండి సార్. పాత నంబరే కొట్టేస్తాం. మీ అంబాసిడర్ని ఆపి బానెట్టెత్తి ఎవరు చూస్తారండీ?" అనిరి. ఎవరు చూతురు! మన సంఘమునకు పట్టిన పురుగులలో ఈ మాటయే పెద్దపురుగు. కట్నము పుచ్చుకొనువాడును, కొలతలో తగ్గించు వర్తకుడును, లంచము తీసికొను ఉద్యోగియు ఈ మంత్రమునే జపించుచున్నారు. రహదారిపై ఒక దుర్ఘటన జరిగెనా, చూచువారు అప్పుడు పుట్టుకొనివత్తురు. భీమాకంపెనీవారు చూతురు, పోలీసువారు చూతురు, దెబ్బతిన్నవాని తరపు న్యాయవాది చూచును. పత్రమునకును బండికిని పొంతన లేనప్పుడు భీమాసొమ్ము చిక్కులలో పడును. దానివలన నష్టపడునది మేమొక్కరమే కాదు; పరిహారము రావలసిన పరులును నష్టపడుదురు. ఎవరును చూడకపోయినను, ఆ దొంగనంబరుగల బండిలో మనుమలను కూర్చుండబెట్టుకొని, వారికి సత్యమును గూర్చి యేమి బోధింపగలము?

గోనెసంచిమీది పెట్రోలింజినును గూర్చియు ఒకమాట. అది మా బండి రకమునదే. అది ఏ బండినుండి దిగినది, ఆ బండి పత్రమేమైనది, అమ్మినవాని రసీదేది యని అడుగగా వ్యాపారి మాటమార్చెను. రసీదులేని ఇంజిను దొంగసొత్తు కావచ్చును. దొంగసొత్తు కాకున్నను దానిలోపల ఏమున్నదో తెలియదు. దానిని విప్పి కొలువనీయుడని మేస్త్రి యడుగగా వ్యాపారి ఒప్పుకొనలేదు. కొలువనీయని సరకును కొనరాదని మా కోడలు తేల్చివేసెను. మా యింజిను లోపము మాకు తెలిసినది. ఆ యింజిను లోపము తెలియనిది. తెలిసిన లోపమునకు మందున్నది.

కాబట్టి మా బ్లాకునే బోరు చేయించుటకు నిశ్చయించితిమి. బ్లాకు మారలేదు గనుక నంబరు మారలేదు. పత్రమున అక్షరము మార్పవలసిన పని లేకపోయెను. అయితే 1987 నాటి ఇంజినును 1987 నాటివలెనే కూర్చి విడిచినచో చాలదు. ఆనాటి పెట్రోలులో సీసము కలిసియుండెడిది. ఆ సీసము వాల్వు సీటులపై పలుచని పొరగ నిలిచి అరుగుదలను తగ్గించెడిది. అది మనుష్యుల నెత్తురునకును, ముఖ్యముగ శిశువుల మెదడునకును విషమని తెలిసి, 2000 ఫిబ్రవరినుండి మన దేశమంతట సీసపు పెట్రోలును నిలిపివేసిరి. మంచిపని చేసిరి. కాని పాతహెడ్డులలోని మెత్తని సీటులు ఆ పొర లేక అరుగును. అందుచే పొగవెళ్లు వాల్వులకు గట్టి ఉక్కు సీటులు దింపించితిమి. ఇక ఎథనాలు: 2025 నాటికి పెట్రోలులో దానిపాలు నూటికి ఇరువదికి వచ్చినది. పాతకాలపు రబ్బరుగొట్టములు దానిచే ఉబ్బి పగులును. పెట్రోలు కాఱి వేడి ఇంజినుపై పడినచో ఏమగునో వ్రాయనక్కఱలేదు. గొట్టములన్నియు ఎథనాలునకు తాళు రకమునవి వేయించి, పెట్రోలుపంపులోని రబ్బరుపొరను మార్పించితిమి. పనిలోపనిగ నాలుగు చక్రముల బ్రేకులను క్రొత్తవి చేయించితిమి.

మేస్త్రి పదునెనిమిది దినములు పనిచేసెను. ప్రతివస్తువునకు రసీదు తెచ్చెను. తీసిన పాతపిస్టనులను అట్టపెట్టెలో పెట్టి మాకు అప్పగించెను. అడిగిన సొమ్ములో బేరమాడక ఇచ్చితిమి. చేతిపనివానిని రూపాయికి నలుగగొట్టి, తరువాత అతడు నాసిరకపు బేరింగు వేసెనని నిందించుట మనవారిలో తఱచు. కొలిచి చూపినవానికి, వ్రాసి యిచ్చినవానికి, పాతసామాను తిరిగి యిచ్చినవానికి పూర్తికూలి యిచ్చుటయే నాణ్యమును కొనుట. అతడు చెప్పినట్లే మొదటి వేయి కిలోమీటరులు గంటకు యేబది దాటక నడపి, ఆయిలు మార్పించితిమి. మరల గేజి పెట్టి చూడగా నాలుగు సిలిండరులును 130 ప్రాంతమున ఒక్కతీరున నిలిచినవి. కాలుష్యపరీక్షలో పొగ హద్దులలోనే యున్నది.

మా నిర్ణయమే అందఱికిని తగునని మేము చెప్పుటలేదు. అడుగురేకులు తుప్పుపట్టి, చాసిసు కుళ్లిన బండికి ఏ ఇంజినును వేయరాదు. అది శవమునకు నగ పెట్టినట్లగును. ఇంజిను విప్పకముందే బండి క్రింద పడుకొని సుత్తితో తట్టి చూచుట మొదటి పరీక్ష. ఊరినడుమ దినమునకు పది మైళ్లు తిరుగువారికి, స్తోమతు ఉన్నచో, ఆమోదము పొందిన విద్యుత్తుమోటారు సరంజామాను పాతబండికి అమర్చుకొనుటకు చట్టము దారి చూపుచున్నది. దాని వెల లక్షలలో నున్నను, పొరుగువాని ఊపిరికి అది మేలు. దూరప్రయాణములు చేయువారికి, గాలిసంచులు లేని, నలువదియేండ్లనాటి శరీరముగల బండి తగదు. మేమును విజయవాడ దాటి పోవలసినచో రైలే యెక్కుచున్నాము. బండిపై మమత యుండవచ్చును. మమత లెక్కను మ్రింగరాదు.

చదువరులారా! మీ యింటను ఒకనాడు ఈ ప్రశ్న రాగలదు. కారు గాకున్న నీటిపంపుమోటారు వచ్చును. అదియు గాకున్న ఇంటిదూలమే వచ్చును. అప్పుడు సలహాలు వినుడు, కాదనకుడు. వినిన పిమ్మట గేజి పెట్టించుడు. అది చేయవలసిన పని యేదో, దానికి వెచ్చింపదగినది ఎంతో కాగితముపై వ్రాయుడు. మిగిలిన అవయవములు దానిని మోయగలవో లేవో చూడుడు. కడపట, చేసినదంతయు పత్రమున వ్రాసి పదిమందిలో చూపగలమా యని మిమ్ము మీరే అడుగుకొనుడు. ఈ పరీక్షలకు నిలిచిన ఇంజిను చిన్నదైనను, పాతదైనను సరియైనది. నిలువనిది ఎంత బలమైనదైనను దుకాణములోనే ఉండనిండు. ఈ విచారణకు కూర్చుండునప్పుడు ఇంటి ఆడువారిని వంటయింట విడిచిపెట్టకుడు. మా యింట కొలతలు వ్రాసిన ఆ కాగితము ఇప్పుడు బండిపత్రములతోకూడ ఒకే సంచిలో నున్నది. వచ్చుమారు విప్పువారికి అది ఉపయోగపడగలదు.